వేలాడుతున్న ప్లగ్గు ఎవరిది? శాన్ స్టార్మ్ రిపేరు డైరీ

శనివారం

బండి శాన్ స్టార్మ్. పేరు చెప్పగానే "అదేం కంపెనీదండీ?" అని అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి ముందు ఆ ముక్క చెప్పేస్తాను. తొంభైల చివర్లో గోవాలో శాన్ మోటార్స్ తయారుచేసిన రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు ఇది. బాడీ ఫైబర్‌గ్లాస్. ఇంజిన్ రెనో వాళ్ళది, 1,149 సీసీ, ఓ 60 హార్స్‌పవర్. ఇవాళ్టి లెక్కలో అదేమంత గొప్ప కాదు గానీ, బండి తేలిక, సీటు నేలకి ఆనుకుని ఉంటుంది. బీచ్ రోడ్డు మీద టాప్ దించి అరవైలో వెళ్తే చాలు, ఇంకేం అక్కర్లేదనిపిస్తుంది.

మేముండేది వైజాగ్‌లో, లాసన్స్ బే కాలనీలో. సముద్రపు గాలికి ఇక్కడ గేటు గొళ్ళేలు, ఏసీల బయటి యూనిట్లు, సైకిల్ చైన్లు ఏవీ ఎక్కువ కాలం నిలవవు. ఫైబర్ బాడీకి తుప్పు బెంగ లేదు కదా అంటారందరూ. నిజమే. వైర్లకీ ప్లగ్గులకీ మాత్రం ఆ వరం లేదు. పైగా బాడీ ఫైబర్ కావడంతో కరెంటు పరంగా ఇంకో చిక్కు కూడా ఉంది. అది తర్వాత వస్తుంది.

ఇప్పుడు బండికి ఉన్న రోగాలు. సైలెన్సర్ దగ్గర నిలబడితే కళ్ళు మండేంత పెట్రోలు వాసన. మైలేజీ సగానికి సగం పడిపోయింది. వేడెక్కాక ఐడిలింగ్‌లో ఎగుడుదిగుడుగా ఊగుతోంది. అన్నిటికన్నా వింత, రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేయగానే రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగడం మొదలుపెడుతోంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ ఫ్యానుతో పనేంటి? ఇవన్నీ నేను ఓర్చుకునేవాణ్ణేమో గానీ, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం పొల్యూషన్ చెక్‌కి తీసుకెళ్తే కార్బన్ మోనాక్సైడ్ పరిమితి దాటిపోయి మిషన్ ఫెయిల్ కొట్టింది. ఆ కాగితం లేకుండా ముందుకు కదలదు.

అంతకుముందు చూసిన మెకానిక్ ఇచ్చిన సలహా: "ఆ కంప్యూటర్ తీసి పారేసి కార్బురేటర్ ఎక్కించేద్దామండి, పీడా వదుల్తుంది." కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండి గురించి ఈ మాట అన్నవాళ్ళకి తాళం ఇవ్వకపోవడమే మంచిది.

పాత బండి కాబట్టి బ్లూటూత్ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివేద్దామంటే కుదరదు. అలా కోడ్‌లు చదవనిచ్చే ఓబీడీ-2 పద్ధతి మన దగ్గర తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండ్లలో ఎవరి గొడవ వాళ్ళది. కాబట్టి మన దగ్గర ఉన్నవి కళ్ళు, ముక్కు, మల్టీమీటరు.

ముందు కళ్ళతోనే మొదలుపెట్టాను. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి నల్ల గొట్టం విప్పి పక్కన పెట్టగానే, దాని కింద ఒక రెండు పిన్నుల ప్లగ్గు ఎక్కడా తగలకుండా వేలాడుతూ కనబడింది. వేలాడుతూ అనడం కూడా సరికాదు. ఎవరో మహానుభావుడు దాన్ని పురికొసతో పక్కనున్న వైర్ల గుత్తికి కట్టాడు. అంటే ఊడిపోయిందని ఆయనకి తెలుసు. ఎక్కడ పెట్టాలో తెలియక, ఊగకుండా కట్టి, గొట్టం మూసేసి, బిల్లు ఇచ్చి పంపించాడన్నమాట.

ఆదివారం

మావయ్యని పిలిచాను. నేవల్ డాక్‌యార్డ్‌లో ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యాడు, సింధియా దగ్గర ఉంటాడు. జీవితమంతా ఉప్పుగాలిలో వైర్లతో గడిపిన మనిషి. వస్తూనే బానెట్‌లోకి తొంగి చూసి, "ఏరా, ప్లగ్గు దొరికింది సరే, దాని మొగుడెక్కడ?" అన్నాడు.

అదే తెలియదు. ఇంజిన్ చుట్టూ జిడ్డు, దుమ్ము కలిసి నల్లటి పెచ్చులా గడ్డకట్టి ఉంది. ఖాళీ సాకెట్ ఎక్కడా కళ్ళకి ఆనలేదు. రెండు పిన్నుల ప్లగ్గులు ఇలాంటి ఇంజిన్లో చాలా ఉంటాయి. ఇంజెక్టర్లవి, గాలి వేడి చూసే సెన్సర్‌ది, నీళ్ళ వేడి చూసే సెన్సర్‌ది, పెట్రోలు ఆవిర్లు పీల్చే వాల్వ్‌ది, రివర్స్ లైటు స్విచ్చిది. ఏది ఏదో వైరు రంగు చూసి చెప్పేద్దామంటే అసలు రంగులు మసి కింద ఎప్పుడో మాయమయ్యాయి.

నేను టెస్ట్ ల్యాంప్ తీశాను. మావయ్య చేతిలోంచి లాక్కున్నాడు. "ఇది ఫ్యూజులకీ హెడ్‌లైట్లకీ. కంప్యూటర్ వైర్ల జోలికి తేకు. బల్బు వెలగాలంటే కరెంటు లాగుతుంది, ఆ కరెంటు ఇచ్చే సత్తువ ఆ వైరుకి ఉండదు, లోపల ఏదో ఒకటి కాలుతుంది. డిజిటల్ మీటర్ పట్రా."

ఇక్కడి నుంచి పని సరదాగా మారింది. తెలియని ప్లగ్గు ఎవరిదో కనిపెట్టడానికి ఒక వరస ఉంది. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర వైరు ప్లగ్గులోని ఒక్కో పిన్నుకీ ఆనించాలి. ఒక పిన్నులో 12 వోల్టులు వస్తే అది పని చేసే వస్తువుది, అంటే ఇంజెక్టరో, వాల్వో. ఒక పిన్నులో 5 వోల్టుల దరిదాపు, రెండోదాంట్లో సున్నా వస్తే అది వేడిని బట్టి రెసిస్టెన్సు మారే సెన్సర్‌ది. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, లోపల్నుంచి ఒక రెసిస్టర్ ద్వారా ఆ 5 వోల్టులు పంపి, సెన్సర్ దాన్ని ఎంత కిందికి లాగుతోందో చూసుకుంటుంది. రెండిట్లోనూ ఏమీ రాకపోతే ఫ్లైవీల్ పళ్ళు లెక్కపెట్టే అయస్కాంతపు సెన్సర్ కావచ్చు. అది ఊడితే బండి స్టార్టే కాదు కాబట్టి మన కేసు కాదు.

మాకు ఒక పిన్నులో 4.9 వచ్చింది. రెండోదాంట్లో సున్నా. తాళం తీసేసి ఆ రెండో పిన్నుకీ ఎర్తుకీ మధ్య చూస్తే దాదాపు నేరుగా కలిసే ఉంది.

వేడి సెన్సర్. గాలిదా, నీళ్ళదా?

ఫ్యాన్ గుర్తొచ్చింది. ఈ రకం సెన్సర్లు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఓమ్‌లు, వేడెక్కే కొద్దీ తక్కువ ఓమ్‌లు చూపిస్తాయి. ప్లగ్గు ఊడితే రెసిస్టెన్సు అనంతం, అంటే ఈసీయూ లెక్కలో ఇంజిన్ హిమాలయాల మీద గడ్డకట్టి ఉంది. ఇంత చలి అసాధ్యం, సెన్సర్ పోయినట్టుంది అని అనుమానం వచ్చిన ఈసీయూలు చాలా వరకూ చేసే పని, ఎందుకైనా మంచిదని ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పడం. వేడి ఎంతుందో తెలియనప్పుడు ఉడికిపోవడం కన్నా చల్లబడటం నయం కదా. మరోపక్క పెట్రోలు మాత్రం చల్లటి ఇంజిన్‌కి పోసినట్టే ఎక్కువ పోస్తూ ఉంటుంది. పాత పద్మినీకి చోక్ లాగి, లోపలికి తోయడం మరిచిపోయి ఊరంతా తిరిగినట్టు. వాసన, మైలేజీ, పొల్యూషన్ ఫెయిల్, అన్నీ ఈ ఒక్క గూట్లోకే వచ్చి చేరాయి.

మరి ఇన్నాళ్ళూ డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు బుద్ధిగా సగం దగ్గరే ఉంది కదా, అన్నాను. "ముల్లుకి వేరే సెన్సరుంటాదిరా," అన్నాడు మావయ్య. ఆ కాలపు బండ్లలో చాలావాటికి అంతే. ఒంటి వైరు సెన్సరు ముల్లు కోసం, రెండు వైర్లది ఈసీయూ కోసం. డ్రైవర్‌కి కనబడేది ఒకటి, ఇంజిన్‌కి కనబడేది ఇంకొకటి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

అదే రోజు, సాయంత్రం

రుజువు కావాలి. మావయ్య దగ్గర పాత రేడియో రిపేర్ల కాలం నాటి రెసిస్టర్ల డబ్బా ఉంది. దాంట్లోంచి రెండు ఏరాడు. ఎరుపు-ఎరుపు-ఎరుపు చారలది, 2,200 ఓమ్‌లు. నారింజ-నారింజ-గోధుమ చారలది, 330 ఓమ్‌లు. మొదటిది ఇంచుమించు మన గది వేడికి సమానం, రెండోది 80 డిగ్రీల నీళ్ళకి.

ఇంజిన్‌ని పావుగంట నడిపి వేడెక్కించి ఆపాను. 330 ఓమ్‌ల రెసిస్టర్ కాళ్ళని ప్లగ్గులోకి మెల్లిగా దూర్చాను. గట్టిగా తోస్తే లోపలి రేకులు విడిపోయి తర్వాత అసలు పిన్నుని పట్టుకోవు, ఈ జాగ్రత్త ముఖ్యం. మళ్ళీ స్టార్ట్ చేశాను.

ఫ్యాన్ తిరగలేదు. ఇంజిన్ ఊగడం ఆగింది. సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి చూస్తే మునుపటి ఘాటు లేదు. అర్ధ రూపాయి చేయని ముక్క పెట్టగానే బండి మనిషైంది. ప్లగ్గు నీళ్ళ సెన్సర్‌దే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెసిస్టర్‌ని అలాగే వదిలి, టేపు చుట్టి, పని అయిపోయిందంటారు. అలా చేసిన బండ్లు చూశాను కూడా. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కి కావలసిన అదనపు పెట్రోలు అందదు కాబట్టి స్టార్టింగ్ కష్టం. అంతకన్నా పెద్ద ప్రమాదం, నీళ్ళు మరుగుతున్నా ఈసీయూకి ఎప్పటికీ 80 డిగ్రీలే కనబడతాయి, ఫ్యాన్ వెయ్యదు. మే నెలలో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే హెడ్ గాస్కెట్‌కి దండ వేసుకోవడమే. రెసిస్టర్ పరీక్షకి మాత్రమే. తీసి మళ్ళీ డబ్బాలో వేశాం.

సోమవారం, రాత్రి

నీళ్ళ సెన్సర్ అని తెలిశాక వెతకాల్సిన చోటు తెలిసిపోయింది. సిలిండర్ హెడ్ చివర, గేర్‌బాక్సు వైపు, థర్మోస్టాట్ గూడు. కిరసనాయిలు బ్రష్‌తో గోకితే జిడ్డు పెచ్చు కింద రెండూ బయటపడ్డాయి. ఒంటి వైరుది తొడుక్కునే ఉంది. పక్కది బోడిగా ఉంది, దాని నోట్లో ప్లగ్గు తాలూకు విరిగిన ప్లాస్టిక్ నాలుక ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. పాతికేళ్ళు ఇంజిన్ వేడిలో ఉడికిన ప్లాస్టిక్ బిస్కెట్లా విరుగుతుంది. తాళం నాలుక విరిగాక, ఇంజిన్ అదురుకి ప్లగ్గు అంగుళం అంగుళం వెనక్కి జరిగి ఊడిపోయిందన్నమాట.

సెన్సర్ పిన్నులకి పచ్చటి చిలుం. రాగి గిన్నెల మీద చూస్తామే, అదే. చింతపండు పులుసుతో రుద్దమని అత్తయ్య ఫోన్లో సలహా ఇచ్చింది. మెరుపు వస్తుంది గానీ, ఆ పులుపు పిన్ను మొదట్లో మిగిలిపోయి మళ్ళీ తినడం మొదలుపెడుతుంది. సన్న ఎమరీ కాగితాన్ని అగ్గిపుల్లకి చుట్టి గోకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చాను.

మంగళవారం

సెన్సర్ బతికుందో లేదో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ముందు రేడియేటర్ మూత విప్పి ప్రెషర్ తీసేసి, పానాతో సెన్సర్ విప్పి, ఆ కన్నానికి వెంటనే సీసా బిరడా నొక్కాను. ఓ అరగ్లాసు కూలెంట్ పోయింది, అంతే. పోయింది ఆకుపచ్చగా కాకుండా టీ రంగులో ఉంది. అదీ మార్చాలి. వైజాగ్‌లో నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి కూలెంట్ ఎందుకు, బోరు నీళ్ళు చాలు అనేవాళ్ళున్నారు. కూలెంట్‌లో గడ్డకట్టకుండా ఆపే గుణం మనకి అక్కర్లేదు, నిజమే. లోపల తుప్పు పట్టకుండా కాపాడే మందు, మరిగే డిగ్రీని పెంచే గుణం మాత్రం ఇక్కడే ఎక్కువ కావాలి.

తర్వాత వంటిల్లు ఆక్రమించాను. స్టీలు గ్లాసులో నీళ్ళు, అందులో సెన్సర్ ఇత్తడి మూతి మాత్రమే మునిగేలా దారంతో వేలాడదీసి, పక్కన వంటకి వాడే థర్మామీటర్, పిన్నులకి మీటరు క్లిప్పులు. గది వేడి 30 డిగ్రీల దగ్గర 2,250 ఓమ్‌లు. వేడినీళ్ళు పోస్తూ పోతుంటే అంకెలు జారడం చూడ్డానికి భలేగా ఉంది. 60 దగ్గర 680 చిల్లర. 80 దగ్గర 335. మరిగే నీళ్ళలో 200కి కాస్త దిగువన. మనది సముద్రమట్టం కాబట్టి మరిగే నీళ్ళంటే నిక్కచ్చిగా 100 డిగ్రీలే, థర్మామీటర్‌ని సరిచూసుకోవడానికి కూడా అది పనికొచ్చింది. నీళ్ళు చల్లారుతున్నప్పుడు అంకెలు అదే దారిన వెనక్కి వచ్చాయి, ఎక్కడా గెంతలేదు.

సెన్సర్ నిక్షేపంలా ఉంది. ఊడిన ప్లగ్గు తప్ప దీనికి రోగమేమీ లేదు. ఇంజిన్ కంప్యూటర్ తీసి పారేద్దామన్న పెద్దమనిషి గుర్తొచ్చాడు.

శనివారం, ఆటోనగర్

కొత్త ప్లగ్గు కావాలి. పాతదానికి నాలుక లేదు, వెనకాల రబ్బరు సీలు కూడా చీలిపోయింది. గాజువాక ఆటోనగర్‌కి సెన్సర్ని జేబులో వేసుకునే వెళ్ళాను. ఇలాంటి పనికి ఫోటో తీసుకెళ్ళడం దండగ. కంటికి ఒకేలా కనబడే ప్లగ్గులకి లోపల గాడి ఒక పక్క ఉంటుంది, ఇంకోదానికి ఇంకో పక్క.

శాన్ స్టార్మ్ పార్టు అని అడిగితే ఎవరూ తల కూడా ఎత్తరు. రెనో ఇంజిన్ అని అడిగితే తలుపులు తెరుచుకుంటాయి. 2007లో మహీంద్రా రెనో లోగన్ వచ్చింది, తర్వాత అదే వెరిటో అయింది. ట్యాక్సీలుగా తిరిగి తిరిగి ఇప్పుడు స్క్రాప్‌కి బాగా వస్తున్నాయి. ఓ షాపులో వైర్ల గుట్ట ముందు కూర్చున్న పెద్దాయన నా సెన్సర్ని తిప్పి తిప్పి చూసి, "ఏటి బాబూ, రెండు పిన్నులదా? ఉండండి, బేగి తీస్తాను" అని గుట్టలోకి చెయ్యి పెట్టాడు. మొదటిది గాడి కలవలేదు. రెండోది పిన్నులు పట్టాయి గానీ నాలుక కొక్కెం అందలేదు. మూడోదో నాలుగోదో టక్కుమని పడింది. ఆ టక్కు శబ్దం కోసమే ఇంత దూరం.

"ఊడిపోతే బండి ఆగిపోవాల గదండి? ఆగలేదు గాబట్టి అదేదో ఎగస్ట్రా వైరే అనుకుంటారు మావోళ్ళు," అన్నాడు పెద్దాయన నేను కథ చెప్పగానే. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ప్లగ్గొక్కటే కోసివ్వమంటే వెనక జానెడు వైరు ఉంచి కోశాడు, అలా ఉంచడం తెలిసినవాడి లక్షణం. వైరుని కొస దగ్గర కాస్త చెక్కి చూపించమన్నాను. లోపల రాగి ఎర్రగా మెరిస్తేనే కొనాలి, నల్లబడి ఉంటే ఆ వైరు లోలోపలే తుప్పు పట్టినట్టు.

ఆదివారం

అతుకు విషయంలో నాకూ మావయ్యకీ పెద్ద వాదన. నేను సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టుకుని కూర్చున్నాను. ఆయన క్రింప్ స్లీవులూ (వైరు కొసలు దూర్చి నొక్కేసే చిన్న లోహపు గొట్టాలు) ప్లయరూ తెచ్చాడు.

ఆయన వాదం ఇది. సోల్డర్ వేడికి సీసం వైరు పోగుల్లోకి పాకుతుంది, పాకినంత మేరా వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది. ఇంజిన్ అదురుతుంటే వంగాల్సిన వైరు వంగలేక, సీసం ఆగిన చోట, ఇన్సులేషన్ కిందే తెగుతుంది. బయటికి కనబడదు. ఓడల్లో అదిరే చోట క్రింపే వాడతారు, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు. వేడి తగిలితే ట్యూబు బిగుసుకోవడమే కాకుండా జిగురు కరిగి రెండు కొసల్నీ మూసేస్తుంది, తేమ లోపలికి పోదు. రేడియో లోపల సోల్డరే రాజు, ఇంజిన్ మీద కాదు అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నల్ల టేపు గురించి అసలు వాదనే లేదు. మన ఉక్కకి దాని జిగురు కారిపోయి, టేపు విప్పుకుని, దుమ్మంతా అంటించుకుని కూర్చుంటుంది.

రెండు అతుకుల్నీ ఒకే చోట కాకుండా రెండంగుళాల ఎడంగా వేశాం, ఒకవేళ ట్యూబు చిరిగినా ఒకదానికొకటి తగలకుండా. ట్యూబుని క్రింప్ చేయకముందే వైరు మీదికి ఎక్కించి దూరంగా జరిపి ఉంచాలి, ఇది చాలామందికి అతుకు వేశాక గుర్తొస్తుంది. లైటరు మంటతో కాకుండా హీట్ గన్‌తో కాల్చాం, పెట్రోలు వాసన వచ్చే బండి దగ్గర మంట తేవడం ఎందుకు.

ప్లగ్గు పెట్టే ముందు సెన్సర్‌ని రాగి వాషర్‌తో బిగించి, కొత్త కూలెంట్ పోసి, గాలి తీశాం. ప్లగ్గు అంచున రబ్బరు సీలు దగ్గర మాత్రం డైఎలెక్ట్రిక్ గ్రీజు, అంటే కరెంటు పారనివ్వని గ్రీజు, పల్చగా రాసి, నొక్కితే టక్కుమంది. పాత వైరు మరీ బిగువుగా లాగి ఉండేది, అదురినప్పుడల్లా ప్లగ్గుని వెనక్కి లాగింది కూడా అదే కావచ్చు. ఇప్పుడు అతుకుతో కాస్త పొడుగొచ్చింది కాబట్టి చిన్న వంపు వదిలి, ఒక క్లిప్పుతో హెడ్‌కి కట్టాను. పురికొస చెత్తబుట్టలోకి.

బ్యాటరీ నెగెటివ్ కాసేపు తీసి పెట్టి, ఈసీయూ పాత జ్ఞాపకాలు పోగొట్టి, మళ్ళీ తగిలించి స్టార్ట్ చేశాను. ఫ్యాన్ నిశ్శబ్దం. ప్లగ్గు వెనక నుంచి గుండుసూది దూర్చి చూస్తే మొదట్లో మూడు వోల్టుల పైన ఉన్నది, ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఆగకుండా దిగుతూ ఒక వోల్టు దరిదాపుల్లోకి వచ్చింది. ఐడిలింగ్ తనంతట తానే ఎత్తు నుంచి మామూలుకి దిగింది. చాలాసేపటికి, ముల్లు సగం దాటాక, ఫ్యాన్ వేసుకుంది. రెండు నిమిషాలు తిరిగి తనే ఆగింది.

అదే రోజు, చీకటి పడ్డాక

హెడ్‌లైట్లు వేశాను. టెంపరేచర్ ముల్లు కొద్దిగా పైకి లేచింది. బ్లోయర్ వేశాను, ఇంకాస్త లేచింది. రెండూ ఆపాను, కిందికి దిగింది. ఇంజిన్ ఒక్క క్షణంలో వేడెక్కి చల్లారదు.

మొదట్లో చెప్పిన ఫైబర్ బాడీ చిక్కు ఇదే. రేకు బాడీ బండ్లలో లైటు నుంచి కరెంటు తిరిగి రావడానికి బాడీ మొత్తం దారే. ఫైబర్‌లోంచి కరెంటు పోదు. ప్రతి లైటుకీ, ప్రతి మోటారుకీ తిరుగు దారి వైరే వెయ్యాలి, ఆ వైర్లన్నీ ఛాసిస్ మీదికీ, అక్కణ్ణించి ఒక అల్లిక పట్టీ మీదుగా ఇంజిన్‌కీ చేరతాయి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇంజిన్ మీదే బిగించి ఉంటుంది కాబట్టి, లైట్లు తిన్న కరెంటంతా చివరికి ఆ పట్టీ మీదుగానే ఇంటికి పోవాలి. పట్టీ పాడైతే ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య వోల్టేజి తేడా వస్తుంది. ఒంటి వైరు సెన్సర్‌కి ఎర్తు దాని మరల ద్వారా ఇంజినే కాబట్టి, ఆ తేడా నేరుగా ముల్లులో కనబడుతుంది. ఈసీయూ సెన్సర్‌కి రెండు వైర్లు ఇచ్చింది ఇందుకే. దాని తిరుగు దారి సొంతం, ఈ గోలతో దానికి సంబంధం లేదు.

ఇంజిన్ నడుస్తూ, లైట్లు, బ్లోయర్ వేసి ఉంచి, మీటరు ఒక వైరు ఇంజిన్ దిమ్మ మీద, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టాం. 0.7 వోల్టు. అక్కడ 0.2 దాటకూడదు. ఓమ్‌లలో కొలిస్తే ఇది దొరకదు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు పంపే చిటికెడు కరెంటుకి దారి బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి.

పట్టీ విప్పితే నట్టు కింద చోటంతా పచ్చగా, అల్లిక సగం పోగులు పొడి. పాత పట్టీని శుభ్రం చేద్దామా అని మావయ్యని అడగలేదు, ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. కంచరపాలెంలో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపులో లావుపాటి తగరం పూసిన పట్టీ దొరికింది. ఇంజిన్ వైపూ ఛాసిస్ వైపూ లోహం మెరిసేదాకా ఎమరీతో రుద్ది, బిగించాక పైన గ్రీజు పూశాం. బిగించకముందు పూస్తే లోహానికీ లోహానికీ మధ్య గ్రీజు చేరుతుంది. ఇప్పుడు అదే పరీక్షలో 0.04. లైట్లు వేసినా ముల్లు కదల్లేదు. స్టార్టర్ కూడా ఇదివరకు మూలిగేది, ఇప్పుడు ఒక్క చుట్టులో అందుకుంటోంది.

గురువారం

ఆయిల్ మార్చాను. గేజి కడ్డీ మీద ఆయిల్ పెట్రోలు వాసన వేస్తోంది, మట్టం కూడా పైగీత దాటి ఉంది. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్లో కలిసింది. స్పార్క్ ప్లగ్గులు నల్లగా మసి, మార్చేశాను. ఇలా ఇంకొన్నాళ్ళు నడిపి ఉంటే బేరింగులకే ముప్పు వచ్చేది.

ఆదివారం

పొద్దున్నే సింహాచలం కొండెక్కాం. ఘాట్ రోడ్డు మీద రెండో గేర్లో ఆగి ఆగి ఎక్కితే ఇంజిన్‌కి కావలసినంత వేడి పుడుతుంది. పైన ఫ్యాన్ వేసుకుంది, దర్శనం క్యూ చూసి మేం వెనక్కి తిరిగేలోపు ఆగింది. మావయ్య దారంతా ముల్లు మీదే కళ్ళు పెట్టుకున్నాడు తప్ప రోడ్డు చూడలేదు.

మంగళవారం

పొల్యూషన్ చెక్‌లో పాస్. మిషన్ మీద అంకెలు ఈసారి పరిమితికి బాగా దిగువన ఆగాయి. అక్కడి కుర్రాడు బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని, "మోటారేం మార్చార్సార్?" అన్నాడు. ప్లగ్గు అన్నాను. స్పార్క్ ప్లగ్గు అనుకున్నాడు, నేనూ సరిదిద్దలేదు.

ఇక రెన్యువల్‌కి అడ్డున్నది రివర్స్ లైటు. వెలగడం లేదు. బల్బు బాగానే ఉంది, స్విచ్చి గేర్‌బాక్సు అడుగున ఉంది. ఈ శనివారం జాకీ ఎక్కించాలి.